పసుపు సంచుల కమలమ్మాళ్

మా వీధిలో ఎవరింట్లోనైనా బట్ట పాతబడితే దానికి రెండే దార్లు. ఒకటి, నేల తుడిచే గుడ్డగా మారడం. రెండోది, పసుపు సంచిలో పడి కమలమ్మాళ్ గుమ్మం దగ్గరికి చేరడం. ఒంటిమీద కట్టుకున్న బట్టతో నేల తుడవాలంటే ఎవరికీ మనసొప్పదు. పారేయాలంటే అసలే ఒప్పదు. అందుకని పాపభయం ఉన్నవాళ్ళంతా సంచి తెచ్చి ఆమె గుమ్మం పక్కన పెట్టి, "పెద్దమ్మా, పెట్టినాను" అని ఒక కేకేసి, ఆమె బయటికి వచ్చేలోగా మాయమైపోతారు. ఆమె ఆ బట్టని చింపి, అల్లి, చివరికి కాళ్ళ కిందికే పంపిస్తుందన్న సంగతి ఎవరికీ పట్టదు. ఆ కాళ్ళు వేరేవాళ్ళవి కదా. ఆమె ఎప్పుడు వద్దంటుందోనని అందరికీ లోపల బెదురు. ఆమె ఏనాడూ వద్దనలేదు. అదే ఆమె ప్రారబ్ధం.

కమలమ్మాళ్‌కి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ముత్యాలపేటలో గడియారం స్తంభం దాటి సముద్రం వైపు తిరిగే సందుల్లో ఒకదానిలో ఆమె ఇల్లు. ముందుగది, వంటిల్లు, వెనక చిన్న పెరడు, అంతే. పైన వేసిన గదిలో నేను అద్దెకుంటాను. నెహ్రూ వీధిలో కళ్ళజోళ్ళ షాపులో నా ఉద్యోగం. ఆమె భర్త గోవిందరాజన్ మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డ కొన్నేళ్ళకి ఆయనా పోయాడు. వాళ్ళూ మా వాళ్ళూ ఎన్ని తరాల కిందటో ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళే. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, ఆ తెలుగులోనూ సగం తమిళం. ఆమెకి తెలుగు చదవడం రాదు. ఆమె గురించి రాస్తానని చెప్పినప్పుడు, "రాసుకో, చదివేవాళ్ళ కోసరం యాడికి పోతావో పో" అని నవ్వింది. అదీ అలిసిపోయిన నవ్వే.

ఆమె చేసేవి కాళ్ళు తుడుచుకునే పట్టాలు. మా ఇళ్ళల్లో మిదియడి అంటాం. పాత చీరనో నైటీనో లుంగీనో రెండు వేళ్ళ వెడల్పున పేలికలుగా చింపుతుంది. పేలిక కొసలో చిన్న గాటు పెట్టి, ఇంకో పేలికని అందులోంచి దూర్చి లాగుతుంది. ముడి పడినట్టు కూడా కనబడదు. అలా మూడు పొడుగు పేలికలు తయారయ్యాక కాలి బొటనవేలికి తగిలించుకుని జడ అల్లుతుంది. ఆ జడని నడుమ నుంచి చుట్టలా చుట్టుకుంటూ పోయి, వరసకి వరసని దబ్బనంతో కుట్టేస్తుంది. నడుమ పెట్టే పేలిక మాత్రం ఎప్పుడూ రంగున్నదే పెడుతుంది, చూసేవాళ్ళకి కన్ను అక్కడ నిలవాలని. చూస్తే సులువే. ఒకసారి నేనూ సాయం చేస్తానని గొప్పగా పక్కన కూర్చున్నాను. ఒక్క జడ పూర్తయ్యేసరికి నడుము పట్టేసి, ఎప్పుడూ గుర్తురాని షాపు పనులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి మేడెక్కేశాను.

ఆ కాసేపట్లో నేను నేర్చుకున్నది ఒకటుంది. గుడ్డ చిరిగే చప్పుడు. కొత్త గుడ్డ సర్రుమని, పక్కింటివాళ్ళు తల తిప్పేలా చిరుగుతుంది. ఉతికిన కొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది. పెళ్ళికో పండక్కో రెండుసార్లు కట్టి పెట్టెలో దాచిన చీరలు ఎవరైనా తెచ్చిస్తే ఆమె కొసన కాస్త చింపి చూసి, "ఇదింకా మాట్లాడతా ఉండాది" అని పక్కన పెట్టేసేది. అలాంటివి చింపాలంటే భుజం నొప్పి. బాగా కట్టి, బాగా ఉతికి, ఒంటికి అలవాటు పడిపోయిన నూలుగుడ్డ మాత్రం చప్పుడే చెయ్యదు. వేళ్ళ మధ్య ఊరికే విడిపోతుంది. అలాంటిది చేతికి తగిలినప్పుడు ఆమె మొహం కొంచెం తెరిపిన పడేది.

మిగతా వేళల్లో తెరిపి లేదు. కుడిభుజం పైకి లేవదు. చూపుడు వేలు దబ్బనం పట్టుకున్న వంకరలోనే ఉండిపోయింది. మంచం మీద సంచులు, మంచం కింద సంచులు, అటక మీద సంచులు. ఆమె పడుకోవడానికి మంచం మీద ఒకవైపు మాత్రమే జాగా ఉండేది, పక్కకి తిరిగితే ఎవరివో పాత చొక్కాలు మొహానికి తగిలేవి. "ఈ మూటతో ఆఖరు అనూ, ఇంక నా వల్ల కాదు" అని నాతో చెప్పేది. మర్నాడు పొద్దున గుమ్మం పక్కన ఇంకో సంచి ఉండేది. నేనైతే ఆ సంచి తీసుకెళ్ళి తెచ్చినవాళ్ళ ఇంట్లోనే పడేసి వచ్చేదాన్ని. ఆమె తిట్టదు, గొణగదు. సంచి చెవులు పట్టుకుని లోపలికి ఈడ్చుకుంటుంది. ఆ మెతకదనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ సంచుల గురించి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అవే. మా వైపు పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి వచ్చేటప్పుడు కొబ్బరికాయ, తమలపాకులు, వక్కలు పెట్టి పసుపు రంగు గుడ్డ సంచి ఇస్తారు. దానిమీద పెళ్ళికూతురు పేరూ పెళ్ళికొడుకు పేరూ అచ్చేసి ఉంటుంది. కొబ్బరికాయ ఆ వారమే పచ్చడైపోతుంది, సంచి మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. రెండేళ్ళ కిందట కమలమ్మాళ్ ఆడపడుచు కన్నియమ్మాళ్ తన కూతురు జననికి కేశవ్ అనే అబ్బాయితో పెళ్ళి చేసింది. వీధికి వీధంతా వెళ్ళాం. దాంతో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా జనని, కేశవ్ అని రాసున్న పసుపు సంచులే. పాత బట్టలు కమలమ్మాళ్ గుమ్మానికి వచ్చేదీ ఆ సంచుల్లోనే.

ఇంక చీర సంగతి. కమలమ్మాళ్ అత్తగారి పేరు అమ్మాయమ్మ. ఎనిమిది మందిని కని ఎనిమిది మందినీ నిలుపుకున్న మనిషి. తొంభై దాటాక పోయింది. ఆమె కట్టి కట్టి అరగదీసిన నేత చీర ఒకటి ఆ ఇంట్లో ఉండేది. ఆవపిండి రంగు చీర, కుంకుమ రంగు అంచు. పుట్టిన బిడ్డని కొత్తగుడ్డలో పెట్టకూడదని మాలో పట్టింపు. బాగా బతికిన పెద్దామె కట్టి విడిచిన పాత చీరలోనే మొదట పడుకోబెట్టాలి. ఒంటికి మెత్తగానూ ఉంటుంది, ఆ మనిషి ఆయుష్షు బిడ్డకి అంటుకుంటుందనీ నమ్మకం. ఆ కుటుంబంలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు అమ్మాయమ్మ చీరలోనే పడుకుంది. పోయేముందు ఆ ముసలామె చీరని కన్న కూతురు కన్నియమ్మాళ్‌కి కాకుండా కోడలు కమలమ్మాళ్ చేతిలో పెట్టింది. ఎందుకు పెట్టిందో చెప్పలేదు. కన్నియమ్మాళ్‌కి అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. పైకి ఎప్పుడూ అనలేదుగానీ, ఆ చీర పేరెత్తితే ఆమె పెద్ద ముక్కెర కింద పెదాలు బిగుసుకోవడం నేనే చూశాను.

జనని పెళ్ళయ్యాక కమలమ్మాళ్ ఆ చీరని ఉతికి, వేపాకు పెట్టి, ఇంక తరవాత పుట్టేది జనని బిడ్డే కదా అని ముచ్చటపడి, జనని పేరున్న పసుపు సంచిలోనే పెట్టి పెట్టెలో దాచింది. ఆ ముచ్చటే చెరుపు చేసింది.

ఆ ఏడాది చివర్లో వచ్చిన తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రాత్రిలో ఊరు నిండిపోయింది. మా సందులో మోకాలి లోతు నీళ్ళు. కమలమ్మాళ్ పెట్టె తడుస్తుందని అందులోవన్నీ బయటికి తీసి, సంచులన్నీ మంచం మీదికీ అటక మీదికీ ఎక్కించాం. కరెంటు లేదు, ఎవరు ఏది ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. నీళ్ళు దిగాక వీధిలో తడిసి పాడైన బట్టలన్నీ మళ్ళీ ఆమె గుమ్మానికే వచ్చాయి. బురద, నీచువాసన, మసక వెలుతురు. ఆ నెలంతా ఆమె తల ఎత్తకుండా చింపింది, అల్లింది, కుట్టింది. ఇళ్ళల్లో నేల ఆరక అందరికీ పట్టాలు కావలసి వచ్చాయి. అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చేసింది.

మే నెల కత్తెర ఎండలు పోయాక జనని పురిటికి పుట్టింటికి వచ్చింది. కన్నియమ్మాళ్ ఇల్లు మా పక్క వీధే. ఒకరోజు సాయంత్రం ఆమె వచ్చి, గుమ్మంలోనే నిలబడి, నెలలు నిండుతున్నాయనీ, అమ్మ చీర తీసి ఒకసారి ఉతికి ఎండలో వెయ్యమనీ చెప్పి వెళ్ళింది. నేను అప్పుడే షాపు నుంచి వచ్చి మెట్ల మీద చెప్పులు విప్పుతున్నాను. కమలమ్మాళ్ పెట్టె తెరిచింది. జనని పేరున్న పసుపు సంచి పైనే ఉంది. చెయ్యి పెట్టి బయటికి లాగితే ఎవరిదో బడి యూనిఫాం ప్యాంటూ, రెండు నైటీలూ వచ్చాయి.

 ఆమె ఇల్లంతా వెతికింది. నేనూ వెతికాను. అటక మీద సంచులన్నీ కుమ్మరించాం. ప్రతి సంచి మీదా జనని, కేశవ్ అని ఉంది, ఏ సంచిలోనూ చీర లేదు. చివరికి ఆమె ఆ బట్టల మధ్య కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"తుపాను తరవాత ఒకటి చప్పుడు లేకుండా చిరిగింది అనూ. మెత్తగా ఉండాదే, చెయ్యికి సుఖంగా ఉండాదే అనుకున్నా. అంతే అనుకున్నా. ఇంకేమీ తోచలేదు నాకు."

పొరపాటు ఎవరికైనా జరుగుతుందని, పాత చీరే కదా అని నేనేదో సర్దిచెప్పబోయాను. అప్పుడు చెప్పింది ఆమె. ఆమెకి పిల్లల్లేరనే నాకు తెలుసు. పుట్టి పోయాడని తెలియదు. పెళ్ళైన మూడో ఏడు మగబిడ్డ పుట్టాడట. పురిటి స్నానం కూడా కాకముందే, ఆ చీరలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. ఆ తరవాత మళ్ళీ నీళ్ళోసుకోలేదు. ఫొటో లేదు, పేరు పెట్టలేదు, వాడి ఒంటికి తగిలినదంటూ ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క చీర. ఆ ఇంట్లో ఎవరి బిడ్డ పుట్టినా తనే చీర తీసి ఇచ్చేది, తనే ఉతికి దాచేది. దాచేముందు ఒకసారి మొహానికి ఆనించుకునేదట.

"నా చేతికి కూడా తెలీలేదు చూడు," అంది. ఆమె కంట్లో నీళ్ళు రాలేదు. నాకు వచ్చాయి.

కాసేపటికి ఆమెకి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో చేసినవాటిలో కుంకుమ రంగు పేలిక నడుమ పెట్టింది ఒక్క పట్టాకే. దాన్ని తీసుకెళ్ళింది అంజలై. అంజలై వైతికుప్పం నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో చేపలమ్మే మనిషి. తుపాను తరవాత ఇంట్లో నేల ఆరడం లేదని ఓ గుప్పెడు నెత్తళ్ళు ఆకులో పెట్టిచ్చి, పట్టాల్లో చెయ్యి పెట్టి తడిమి తడిమి ఆ ఒక్కటే ఏరుకుని పోయిందట. కమలమ్మాళ్ ఆలోచన ఏమిటంటే, అది తిరిగి తెచ్చుకుని కుట్లు విప్పి, ఉడకబెట్టి, పేలికలు పక్కపక్కన పెట్టి కుట్టేస్తే ఎలాగో మళ్ళీ గుడ్డవుతుంది. అన్ని నెలలు కాళ్ళతో తొక్కిన గుడ్డని పసిబిడ్డ కింద ఎలా వేస్తావని అడిగాను. ఆ తప్పు దేవుడికి చెప్పుకుంటాననీ, కన్నియమ్మాళ్‌కి మాత్రం చెప్పననీ అంది. అలా అబద్ధం దాచగలిగే మొహం కాదు ఆమెది, ఆ సంగతి ఆమెకే తెలియదు.

మర్నాడు నాకు సెలవు. స్కూటర్ మీద ఎక్కించుకుని వైతికుప్పం తీసుకెళ్ళాను. ఒళ్ళో కొత్త పట్టా ఒకటి పెట్టుకుంది, బదులివ్వడానికి. దారి పొడుగునా నా భుజం పట్టుకున్న చెయ్యి వదల్లేదు. అంజలై ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వలలు ఆరేసిన సందులో, నీలం రంగు తలుపు. గడపలో పట్టా లేదు, గోనెసంచి వేసి ఉంది. అది చూసి కమలమ్మాళ్ ఆగిపోయింది. చిరిగిపోయి పారేశారేమో అనుకున్నాం ఇద్దరం.

లోపల పట్టా ఉంది. ముందుగదిలో, సముద్రపు గాలి తగిలే చోట, నేల మీద పరిచి ఉంది. దాని మీద ఒక పసిపిల్ల, ఒంటినిండా నూనె, బుగ్గన దిష్టిచుక్క, చేతులు రెండూ తలకి అటూ ఇటూ పడేసి నిద్రపోతోంది. అంజలై మనవరాలు. కుంకుమ రంగు నడుమ సరిగ్గా ఆ పిల్ల వీపు కింద ఉంది.

అంజలై మమ్మల్ని చూసి సంబరపడిపోయింది. తమిళంలో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గడపలో వేద్దామనే తెచ్చిందట. ఇంటికొచ్చి చేత్తో పట్టుకుంటే కాలు పెట్టబుద్ధి కాలేదట. కోడలు కడుపుతో ఉందని చుట్టి పైన పెట్టిందట. పిల్ల పుట్టాక కొత్త దుప్పటి వేస్తే ఏడుపు, చాప వేస్తే ఏడుపు, దీని మీద వేస్తే నిద్ర. రోజూ ఉతికి రోజూ ఆరేస్తోందట. ఇంత మెత్తటి గుడ్డ ఎక్కడిది అని అడిగింది.

 కమలమ్మాళ్ పట్టా పక్కన నేల మీద మెల్లగా కూర్చుంది. చెయ్యి చాపి, పిల్లని ముట్టుకోకుండా, పట్టా అంచు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. నేను లోలోపల తొందరపడుతున్నాను. అడగొచ్చు కదా, కొత్తది చేతిలోనే ఉంది, అంజలై కాదనే మనిషి కాదు. అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని చూస్తున్నాను. కోడలికి పాలు సరిపోతున్నాయా అని అడిగింది. పిల్లకి జలుబు చెయ్యకుండా చూసుకోమంది. తెచ్చిన కొత్త పట్టా ఇచ్చి, దీన్ని గడపలో వేసుకోమని, ఆ పాతది మాత్రం పిల్ల పెద్దయ్యాక కూడా కాళ్ళ కింద వెయ్యొద్దని చెప్పి లేచింది.

బయటికి వచ్చాక నేను ఊరుకోలేదు. అంత దూరం వచ్చి ఖాళీ చేతులతో పోతున్నాం, ఇప్పుడు కన్నియమ్మాళ్‌కి ఏం చెబుతావని కసిరాను.

"నిద్రపోయే బిడ్డ కిందినించి లాగమంటావా? నావాడు దానిమీదే పోయినాడు. ఇదొకటి దానిమీద నిద్రపోతా ఉండాది. నా చెయ్యి యాడ వస్తాది అనూ?"

 స్కూటర్ నడుపుతుంటే ఎదురు గాలికి నా కళ్ళు మండాయి. గాలికే అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆమె కన్నియమ్మాళ్ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చీర తనే చింపానని, పట్టా చేశానని, అది వైతికుప్పంలో ఒక బిడ్డ కింద ఉందని, తేలేకపోయానని. నన్ను తోడు రమ్మంది కాబట్టి నేను గుమ్మం దగ్గర ఉన్నాను. జనని లోపల పడుకుని ఉంది. కన్నియమ్మాళ్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. విన్నంతసేపూ చేట లోంచి తల ఎత్తలేదు. అంతా అయ్యాక ఎత్తింది.

"నలుగుర్ని కన్నదాని చేతిలో పెట్టి ఉంటే ఇట్ల అయ్యుండదు వదినా," అంది.

ఆ మాటకి నేను బదులు చెప్పేదాన్నే. కమలమ్మాళ్ నా చెయ్యి పట్టుకుని లాగేసింది. దారిలో నేను కన్నియమ్మాళ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె వినిపించుకోలేదు. ఇంటికొచ్చి, మంచం మీద సంచుల పక్కన, తనకున్న ఆ జాగాలోనే ముడుచుకుని పడుకుంది.

ఆ రోజు నుంచి ఆమె చింపడం మానేసింది. ఇన్నాళ్ళూ ఆపమని నేను పోరినా ఆపని మనిషి ఆపేస్తే నేను సంతోషించాలి. సంతోషం కాదు, భయం వేసింది. పొద్దున లేచి వాకిలి చిమ్మి, కాఫీ తాగి, గుమ్మంలో కూర్చునేది. చేతులు ఒళ్ళో. వీధి వాళ్ళు సంచులు తెస్తూనే ఉన్నారు. అవి గుమ్మానికి అటూ ఇటూ పేరుకుపోయాయి. ఎవరో వాన వస్తుందని వాటిమీద ప్లాస్టిక్ షీటు కప్పి వెళ్ళారు, అంత దయ. కన్నియమ్మాళ్ ఈ వైపు రాలేదు. జనని ఒకసారి ఫోన్ చేసి, అమ్మ మాటలు పట్టించుకోవద్దనీ, బిడ్డని ఏ గుడ్డలో పడుకోబెట్టినా పడుకుంటుందనీ చెప్పిందట. మంచి పిల్ల. కానీ ఆ మాట కమలమ్మాళ్‌కి ఇంకా తీసిపారేసినట్టే తోచింది. ఏ గుడ్డైనా అయితే, ఇన్నేళ్ళూ తను కాపాడింది ఏమిటి? నాతో ఆ మాట అనలేదు. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగిన తీరులో నాకు తెలిసింది.

ఒకరోజు అంజలై గంప దించి చేపలు చూపిస్తూ, పిల్లని చూడ్డానికి మీ వీధి నుంచి ఇంకొకామె కూడా వచ్చిందని చెప్పింది. పొట్టిగా, కోపంగా, పెద్ద ముక్కెర పెట్టుకుని. వచ్చి గుమ్మంలో నిలబడి పట్టా ఏదని అడిగిందట. చూపిస్తే పిల్లని చాలాసేపు చూసి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయిందట. పెద్ద ముక్కెర మా రెండు వీధుల్లోనూ ఒక్కరికే ఉంది. కమలమ్మాళ్ నావైపు చూసింది. నేను చేపల వైపు చూశాను.

జననికి నొప్పులు మొదలయ్యాయని తెల్లవారుజామున తెలిసింది. పొద్దెక్కేసరికి కబురు వచ్చింది, ఆడపిల్ల, తల్లీ పిల్లా కులాసా. వీధిలో అందరూ సంతోషపడ్డారు. కమలమ్మాళ్ దేవుడి ముందు దీపం వెలిగించి వచ్చి మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. ఆసుపత్రికి వెళదాం రమ్మన్నాను. కన్నియమ్మాళ్ పిలవకుండా రానంది. నేను షాపుకి ఆలస్యమవుతోందని మెట్లు దిగుతుంటే, సందు మొదట్లో కన్నియమ్మాళ్ వస్తూ కనబడింది. నిద్రలేని కళ్ళు, చేతిలో ఫ్లాస్కు. సంచుల గుట్టని కాలితో పక్కకి నెట్టి గుమ్మం ముందు నిలబడింది.

"వదినా, ఆ కట్టుకోనుండే చీర ఇప్పి ఇయ్యి," అంది.

కమలమ్మాళ్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమై, మెట్టు మీదే ఆగిపోయాను. ఆమె ఒంటిమీద ఉన్నది పాత నేత చీర, ఒకప్పుడు ఆకుపచ్చ. గోవిందరాజన్ ఉన్న రోజుల నాటిది. గుమ్మంలో కూర్చుని చింపేటప్పుడు, అల్లేటప్పుడు, ఎప్పుడూ అదే. ఉతికి ఆరేసి మళ్ళీ కట్టేది. మోకాళ్ళ దగ్గర దారాలు కూడా కనిపించేవి.

కన్నియమ్మాళ్ మళ్ళీ అడిగింది, బిడ్డని ఆసుపత్రి తువ్వాల్లో చుట్టి పెట్టారని, తొందరగా ఇవ్వమని. అప్పుడు అర్థమైంది కమలమ్మాళ్‌కి. రెండు చేతులతో చెంగు పట్టుకుని వెనక్కి జరిగింది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"నాది వద్దు కన్నీ. నా బిడ్డ నిలవలేదు."

కన్నియమ్మాళ్ ఫ్లాస్కు కింద పెట్టింది. ఆమె గొంతు ఎప్పుడూ ఉన్నంత కటువుగానే ఉంది, అందుకే నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"నువ్వు నిలిచినావు గదా."

 సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అవడం లేదు. కమలమ్మాళ్ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. వేరే చీర కట్టుకుని, ఇది చేతుల మీద మడిచి పట్టుకుని బయటికి వచ్చింది. ఉతకాలి అంది. వద్దంది కన్నియమ్మాళ్, కట్టి విడిచిందే కావాలి, ఉతికింది కాదు. అంత పొడుగు చీర పసిపిల్లకి ఎందుకు, సగం చాలంది. కత్తెర కోసం అటూ ఇటూ చూసింది.

కత్తెర అక్కర్లేదని నేను చెప్పబోయేలోగా కమలమ్మాళ్ చీర నడుమ అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు చాలా రోజులుగా ఏమీ చింపలేదు.  భుజం ఎత్తలేక, చీరని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని లాగింది.

చీర ఈ అంచు నుంచి ఆ అంచుదాకా విడిపోయింది. నేను మెట్ల మీద, కన్నియమ్మాళ్ గుమ్మం ముందు, ఇద్దరం అంత దగ్గర్లో ఉండి విన్నాం. కాస్త కూడా చప్పుడు కాలేదు.